రెప్ప వేయని తల్లి

ఆ వేసవి మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చోలేదు.

మా అబ్బాయి వినయ్‌కు జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు వారానికొక తీరుగా మారేవి. అతడు పడుకునే వేళకు ఇల్లు మేలుకునేది. ఇల్లు పడుకునే వేళకు అతడు బూట్లు తొడుక్కునేవాడు. కోడలు ఉమాశ్రీ పొద్దున్నే ప్రగతి నగర్ చెరువు మలుపు దాకా నడిచి ఆఫీసు బండి ఎక్కేది. దీపాల వేళకు తిరిగి వచ్చి, వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడే నాలుగు ముద్దలు తినేది. నా భార్య వీరలక్ష్మి ఉక్కపోతకు తాళలేక ముందు గదికీ బాల్కనీకీ మధ్య తిరిగేది. ఇక నేను, జపమాల ఒక చుట్టు పూర్తి కాకముందే లేచి, ఎందుకు లేచానో తెలియక మళ్ళీ కూర్చునేవాణ్ణి.

ఉమాశ్రీ కూర్చోకపోవడానికి మరొక కారణం కూడా ఉంది. మా ఇంట కోడలు మామగారి ఎదుట కూర్చోదు. అది ఎవరూ ఆజ్ఞాపించిన నియమం కాదు. మా అమ్మ మా తాతగారి ఎదుట కూర్చోలేదు. వీరలక్ష్మి మా నాన్నగారి ఎదుట కూర్చోలేదు. ఉమాశ్రీ కూడా కాపురానికి వచ్చిన నాటి నుండి కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, నేల వైపు చూస్తూ మాట్లాడేది. నేనూ ఆమె ముఖం చూసి మాట్లాడేవాణ్ణి కాను. గ్లాసుతోనో, గుమ్మంతోనో మాట్లాడేవాణ్ణి. దాన్ని ఆమె గౌరవం అనుకుంది, నేను మర్యాద అనుకున్నాను.

ఆమె పని హైటెక్ సిటీలో, బొమ్మలకు కదలిక నేర్పే ఒక యానిమేషన్ స్టూడియోలో. చేరిన నాటి నుండి ఆమెకు అప్పగించినవన్నీ వెనుక వరుసలోని బొమ్మలే. జాతరలో జనం, గాలికి ఊగే ఆకులు, మేకల మంద. ముందుకు వచ్చి మాట్లాడే ముఖం ఆమె చేతికి ఎన్నడూ రాలేదు. ఆ చైత్రంలో మొదటిసారి వచ్చింది. వచ్చినది దేవత ముఖం.

ఈ సంగతి నాకు మా ఇంట్లో తెలియలేదు. యాదయ్య చెప్పగా తెలిసింది. శేరిలింగంపల్లి పక్కన అద్దాల మేడల నడుమ మిగిలిన ఒక పాత ఊరికి ఆయన పెద్దమనిషి. అక్కడ గుట్టమీద వెలసిన గుండ్లతల్లి గుడి ధర్మకర్త కూడా ఆయనే. ప్రతి శనివారం మా కాలనీ గుడిలో నేను చెప్పే పురాణం వినడానికి అంత దూరం నుండి వచ్చేవాడు. కళాశాలలో తెలుగూ సంస్కృతమూ బోధించి విరమించిన నాకు ఆ శనివారాలే మిగిలిన తరగతి.

ఒక శనివారం ప్రసాదం పంచాక ఆయన నా పక్కకు జరిగాడు. "పంతులుగారూ, మా తల్లి కథ బొమ్మలతోని తీపిస్తున్నం. బోనాలకు గుడి కాడ ఆడించాలె. పిల్లగాండ్లు మంచిగనే చేస్తున్నరు గని, దేవత సంగతి వాళ్లకేం ఎరుక? మీరు జర కూసుండి సూడాలె. మీరు సరే అంటెనే మేం సరే అంటం."

ఆ స్టూడియో పేరు చెప్పి, తల్లి ముఖం మీ కోడలి చేతిలోనే ఉందట కదా అన్నాడు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు ఉమాశ్రీ చేతిలోని గ్లాసు బల్లను గట్టిగా తాకింది. "సరేనండి" అని లోపలికి వెళ్ళింది.

గుండ్లతల్లి కథ చిన్నది. కరువు రోజులలో రాళ్ళు కొట్టే ఒక ముసలి తాత గుట్టమీది గుడికి ఒంటరిగా మెట్లు చెక్కుతుంటాడు. ఒకనాడు ఎవరో కూలిమనిషి వచ్చి రాళ్ళు మోస్తుంది. మధ్యాహ్నం తాత తన జొన్న గటకలో సగం ఆమెకు పెడతాడు. తిన్నాక ఆమె ఎదురుగా కూర్చుని ఉండగా ఉలిమీద దెబ్బ వేస్తాడు. రాతిపొడి ఎగసి ఇద్దరి ముఖాలమీదా పడుతుంది. తాత కళ్ళు మూసి తెరిచేసరికి, ఆమె కళ్ళు మూతపడనే లేదు. అది చూసి తాత లేచి నిలబడతాడు. అంతే కథ.

వైశాఖంలో మొదటిసారి ఆ స్టూడియోకు వెళ్ళాను. కండువామీద అతిథి అని రాసిన బిళ్ళ వేలాడదీశారు. అద్దాల గది అవతల నలుగురు కుర్రవాళ్ళు నిలబడి చూస్తుండగా, నా కోడలు నెత్తిన ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుని కూర్చుంటూ లేస్తూ ఉంది. "ఉమా, బరువు కనిపించట్లేదు, నడుము ఇంకా వంగాలి" అన్నాడొకడు. ఆమె వంగింది. ఆ తరువాత బకెట్ పక్కన పెట్టి మేకలాగా గంతులు వేసి చూపించింది. బొమ్మకు కదలిక ఇచ్చే ముందు ఆ కదలికను వీళ్ళు తమ ఒంటితో ఆడి, కెమెరాలో పట్టి, మళ్ళీ మళ్ళీ చూసుకుంటారట. మూడో గంతులో ఆమె ఇటు తిరిగింది. నన్ను చూసింది. పైట సవరించుకుని, చూపు నేలకు దించి, అక్కడే ఆగిపోయింది.

ఆ విభాగానికి పెద్ద సందీప్ అనే గడ్డం కుర్రవాడు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఏమైందని అడిగాడు. మా మామయ్యగారండి అని చెప్పిందట. ఉమ నన్ను అండి అనడం అదే మొదటిసారి సర్ అని తరువాత నవ్వుతూ నాతో అన్నాడు. నేల తుడుస్తున్న అంజమ్మ ఊరుకోలేదు. "ఇందాక మేక లెక్క దుంకిన పిల్ల, మీరు రాంగనే రాయి లెక్క నిలవడ్డది. మీ ఇంట్ల గింత భయం ఏందయ్యా?"

భయం కాదమ్మా, పద్ధతి అన్నాను. అంజమ్మ నన్నొకసారి పైనుంచి కింది దాకా చూసి చీపురు అందుకుంది.

చీకటి చేసిన గదిలో నాకు అప్పటిదాకా చేసిన భాగం చూపించారు. గుట్ట బాగుంది. తాత బాగున్నాడు. కూలిమనిషి వేషంలో తల్లి బుట్ట దించి, కూర్చుని, తాత వైపు చూసి రెప్ప వేసింది. మళ్ళీ వేసింది.

నేను ఆపమన్నాను. దేవతలను అనిమిషులు అంటారు. వారు రెప్ప వేయరు, వారికి చెమట పట్టదు, మెడలోని పూలు వాడవు, పాదాలు నేలను తాకవు అని చెప్పాను. "పాదాలు నేలకు తాకకపోతే రాళ్ళెలా మోస్తుంది సర్?" అన్నాడు సందీప్. కుర్రవాళ్ళు నవ్వారు. మానవరూపం ధరించింది కనుక నడవనిద్దాం, చెమటా పట్టనిద్దాం, కానీ కళ్ళ దగ్గర మాత్రం నేను ఒప్పుకోనన్నాను. ఆమె రెప్ప వేస్తే తాత ఆమెను గుర్తించేది దేనివల్ల?

సందీప్ నవ్వు ఆపి ముందుకు వంగాడు. "సర్, మా పనిలో మొదట నేర్పేదే అది. బొమ్మ రెప్ప వేయకపోతే శవంలా కనిపిస్తుంది. ముఖం ఎంత బాగా గీసినా అంతే. కంప్యూటర్‌లో ప్రతి ముఖానికీ రెప్పపాటు దానంతటదే పడేలా పెట్టుకుంటాం."

నేను ఉమాశ్రీ వైపు చూడకుండానే ఆమె సమాధానం కోసం ఆగాను. అదే గదిలో ఉన్న యాదయ్య గొంతు సవరించుకుని, పంతులుగారు చెప్పినట్టే కానీయండి అన్నాడు.

అటు పిమ్మట ఉమాశ్రీ ఆ రెప్పపాట్లన్నీ ఒక్కొక్కటిగా తీసివేసింది. ఇంటికి వచ్చాక కూడా ఆమె చేయి ఊరుకునేది కాదు. పప్పు కలుపుతూ గరిటెతో గాలిలో కనుబొమ గీసేది. అద్దం ముందు నిలబడి కన్నార్పకుండా చూసి, ఆర్పి, నిట్టూర్చేది. నేను సంధ్యకు కూర్చుంటే నా మనస్సు అర్ఘ్యంమీద నిలిచేది కాదు. లేచి బాల్కనీలోకి వెళ్ళేవాణ్ణి. చెరువుమీది నుండి వేడిగాలి కొట్టేది. "ఇద్దరూ ఒకే దేవత కోసం రెండు గదుల్లో తిరుగుతున్నారు. ఒక్కచోట నిలబడి మాట్లాడుకోరాదా?" అంది వీరలక్ష్మి. ఏం మాట్లాడుకోవాలో మా ఇద్దరికీ తెలియదు. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్న అలవాటు లేదు.

జ్యేష్ఠంలో ఆ భాగాన్ని పిల్లలకు చూపించారు. ఆఫీసులో పనిచేసేవాళ్ళ చిన్నపిల్లలను చూసుకునే గది అక్కడే కింది అంతస్తులో ఉంది. నేనూ వెనుక కుర్చీలో కూర్చున్నాను. గుట్ట వచ్చినప్పుడు పిల్లలు కేరింతలు కొట్టారు. మేకలు వచ్చినప్పుడు మరీ. తల్లి తాతకు ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూసినప్పుడు గదిలో సద్దు అణగింది. ఒక పాప ఏడుపు అందుకుంది. సందీప్ కూతురు పింకీ ఆయమ్మ ఒడిలో ముఖం దాచుకుని, ఆ ఆంటీ నన్నే చూస్తోంది, ఆపేయండి అంది.

తుడుపుగుడ్డతో గుమ్మంలో నిలబడ్డ అంజమ్మ, ఆ బొమ్మ తెరమీదుంటె గా గదిల ఊడ్వనీకి నాకే దడ పుడుతది, పోరగాండ్లెంత అని గొణిగింది.

సందీప్ ఉమాశ్రీని పక్కకు పిలిచి మాట్లాడాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు గానీ నాకు వినిపించింది. వచ్చే సోమవారానికి ఆ ముఖంలో ప్రాణం కనిపించకపోతే ఆ సన్నివేశాన్ని బెంగళూరు శాఖకు పంపేస్తారు. వాళ్ళు మామూలుగా రెప్పలు వేయించి పూర్తి చేస్తారు. ఆమె మళ్ళీ మేకల దగ్గరికి వెళ్ళాలి. "నాకు వేరే దారి లేదు ఉమా" అన్నాడు. రెప్పలు పడితే నేను సరే అనను. నేను అనకపోతే యాదయ్య అనడు. ఎటు తిరిగినా నష్టం ఆ పిల్లకే.

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే క్యాబ్‌లో ఇంటికి బయలుదేరాం. నేను వెనుక, ఆమె ముందు డ్రైవరు పక్కన. జేఎన్‌టీయూ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ఆమె ముందు అద్దంలోకి చూస్తూ, నాతో అని తెలిసేలా మాట్లాడింది.

"మీరు చెప్పింది సరైనదే మామయ్యగారూ. రెప్ప వేస్తే కథ లేదు. కానీ రెప్ప వేయకపోతే నా చేతిలో ప్రాణం రావట్లేదండి."

ఇంతకాలంలో ఆమె నాతో చెప్పిన అతి పెద్ద మాట అది. శాస్త్రంలో ఏముందో నాకు తెలుసు. ప్రాణం ఎలా వస్తుందో ఏ శాస్త్రంలో చూసి చెప్పాలి? వెనుక బండివాడు హారన్ మోగించాడు. మా బండి కదిలింది.

శనివారం ఉదయం నేను పూజ ముగించి హారతి కళ్ళకద్దుకుంటుండగా ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఒకసారి ఆఫీసుకు రావాలని, తాత వేషానికి కెమెరా ముందు కూర్చోవాలని అడిగింది. ఆఫీసు కుర్రవాళ్ళు ఆ పాత్ర ఆడి చూశారట. తిండి తినడం, ఉలి పట్టడం చక్కగా వచ్చాయట.

"లేచి నిలబడటం రావట్లేదండి వాళ్ళకు. బస్సు వచ్చినట్టు లేస్తున్నారు."

తల్లి వేషం ఎవరిది అన్నాను.

"నేనే." ఆమె కాలి బొటనవేలితో గడప అంచు రాస్తూ ఉంది. "మీ ఎదురుగా కూర్చోవాలండి. మీ వైపే చూడాలి."

చేతిలోని హారతి కర్పూరం కొండెక్కింది. వంటింట్లోంచి వీరలక్ష్మి గొంతు వినిపించింది. "ఎదురుగా కూర్చోకుండా దేవతయినా ఎట్లా కనిపిస్తుంది? వెళ్ళి రండి ఇద్దరూ."

ఆ కెమెరా గదిలో రెండు పీటలు వేశారు. రాతిపొడికి బదులు ఏం చల్లాలన్న ప్రశ్న వచ్చింది. ముగ్గుపిండి అన్నాడొకడు. "ముగ్గుపిండి కండ్లల్ల పడితె దవాఖానకు పోవాలె. బియ్యప్పిండి తెస్తనుండు" అని అంజమ్మ క్యాంటీన్‌కు వెళ్ళి దోసెడు పిండి తెచ్చింది. చల్లే పని కూడా తనే తీసుకుంది.

మొదట నేను చేసినవన్నీ వ్యర్థమయ్యాయి. సుత్తి ఎత్తగానే నా చేయి శనివారపు వేదికమీద లేచినట్టు లేచేది. సర్, ఉపన్యాసం వద్దు, మామూలుగా ఉండండి అని సందీప్ బతిమాలాడు. ఉమాశ్రీ చూపు కూడా నిలవలేదు. నా గడ్డం దాకా వచ్చి కిందికి జారిపోయేది. ఎంత ప్రయత్నించినా అంతే. చివరకు ఆమె కళ్ళు మూసుకుని ఒక శ్వాస తీసుకుంది. తెరిచి నా వైపు చూసింది.

మా ఇంట ఆమె అడుగుల చప్పుడు నాకు తెలుసు. గాజుల చప్పుడు తెలుసు. గ్లాసు పెట్టే తీరును బట్టి ఆనాడు ఆమె మనస్సెలా ఉందో చెప్పగలను. ఆ కళ్ళు తేనెరంగువని మాత్రం ఆ క్షణం దాకా తెలియదు. ఎడమ కంటి తెల్లగుడ్డులో చిన్న నల్లని చుక్క ఉందనీ తెలియదు. కంటి కింద నలుపు దిగి ఉంది.

నేను ఉలిమీద దెబ్బ వేశాను. అంజమ్మ గుప్పిట విప్పింది. పిండి గుప్పుమని లేచి ముఖాన పడింది. నా కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి ఆమె రెప్పల అంచులన్నీ తెల్లగా ఉన్నాయి, కళ్ళు మాత్రం మూతపడలేదు. అవి ఎర్రబడ్డాయి. నీరు నిండింది. నిండి, అంచు దాటి, పిండి అంటిన చెంపమీద చార కట్టి దిగింది. అయినా ఆమె ఆర్పలేదు. నా వైపే చూస్తూ ఉంది.

సందీప్ ఇంకా లేవమనలేదు. నేను లేచి నిలబడ్డాను. భుజంమీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నాను. గర్భగుడి ముందుకు వెళ్ళేటప్పుడు చేసే పని అది. చేతులు వాటంతటవే కలిశాయి. కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

ఆమె రెప్ప వేసింది. వేసిన మరుక్షణం అలవాటు కొద్దీ తానూ లేచి నిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "మామయ్యగారూ, కూర్చోండి" అంది.

ఇంకోసారి చేయాలా అని నేను సందీప్‌ను అడిగాను. అవసరం లేదన్నాడు. అంజమ్మ చీపురు తెచ్చి, ఎవరి వైపూ చూడకుండా పిండి ఊడవసాగింది.

మరునాడు ఆదివారమైనా ఉమాశ్రీ ఆఫీసుకు వెళ్ళింది. సోమవారం ఆ సన్నివేశం బెంగళూరు వెళ్ళలేదు. కింది అంతస్తులో పిల్లలకు మళ్ళీ చూపించారట. పింకీ ఈసారి ముఖం దాచుకోలేదట. కుర్చీలో ముందుకు జరిగి, ఆంటీ కంట్లో దుమ్ము పడింది, ఎవరైనా ఊదండి అందట. ఈ మాట సందీప్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు నా జపమాల చుట్టు పూర్తయింది.

ఆషాఢం వచ్చింది. బోనాలకు ముందు ఆదివారం ఉదయం, గుండ్లతల్లి గుడి పక్కనున్న హాలులో ధర్మకర్తకూ ఊరి పెద్దలకూ సినిమా వేశారు. బయట సన్నని జల్లు పడుతోంది. ముందు వరుసలో యాదయ్య, ఆయన పక్కన నేను. నాకు ఇటు పక్క కుర్చీమీద నా కండువా మడిచి పెట్టుకున్నాను. స్టూడియో వాళ్ళు వెనుక వరుసల్లో సర్దుకున్నారు. ఉమాశ్రీ నా వెనుక గోడకు ఆనుకుని నిలబడింది.

దుమ్ము లేచింది. తాత కళ్ళు మూతపడ్డాయి. తల్లి కళ్ళు మూతపడలేదు. రెప్పల అంచున రాతిపొడి నిలిచింది. తేనెరంగు కళ్ళు ఎర్రబడి, నిండి, ఒక చార చెంపమీదుగా దిగింది. తాత లేచాడు. తలపాగా విప్పి నడుముకు చుట్టుకున్నాడు. ఆ చుట్టుకోవడంలో కుడిచేయి ముందు, ఎడమచేయి వెనుక. ముడి వేశాక ఒకసారి అరచేత్తో అదుముకోవడం. అది నా అలవాటే. నాకే తెలియని అలవాటు.

దీపాలు వేశారు. వెనుక వరుసలోని ఊరి ముసలమ్మలు చెంపలు వేసుకుంటున్నారు. యాదయ్య మాత్రం గడ్డం నిమురుకుంటూ తెర వైపే చూస్తున్నాడు.

"అంతా మంచిగున్నది పంతులుగారూ. గని తల్లి కండ్లల్ల నీళ్లేంది? దేవతలకు కన్నీళ్లు వస్తయా? రేపు పదిమంది అడిగితె నేనేం చెప్పాలె? శాస్త్రంల ఉన్నదా?"

సందీప్ నా వైపు చూశాడు. నా వెనుక గాజులు ఒకసారి గలగలమని ఆగాయి.

"శాస్త్రంలో నాకు కనబడలేదు యాదయ్యా" అన్నాను. "నేను చూశాను."

"సూసిన్రా? ఏడ?"

నేను పక్క కుర్చీమీది కండువా తీసి భుజాన వేసుకున్నాను. వెనక్కి తిరిగి, గోడ దగ్గర నిలబడ్డ కోడలి ముఖం చూశాను.

"ఇటు వచ్చి కూర్చో అమ్మా."